మబ్బుల్లో సగం.. మనసులో సగం

* నల్ల సిరాతో తొమ్మిది డ్రాగన్లు
* తావో తత్వానికి రూపమిచ్చిన చైనా చిత్రం

గోళ్లు కనిపిస్తాయి.. తోక కనిపించదు. కళ్లు ఉరిమి చూస్తుంటాయి.. ఒళ్లేమో మబ్బుల్లో కలిసిపోయి ఉంటుంది. చైనా చిత్రకారుడు చెన్ రోంగ్ 1244లో వేసిన ‘తొమ్మిది డ్రాగన్లు’ బొమ్మ నిండా ఈ దోబూచులాటే. ఇప్పటి కథల పుస్తకాల్లో, వీడియో గేముల్లో పొగమంచు కొండల మధ్య తేలే డ్రాగన్లకు ఇలాంటి బొమ్మలే పెద్దదిక్కు.

నిప్పు కాదు.. నీరు

డ్రాగన్ అనగానే మంటలు కక్కే రాకాసి గుర్తొస్తుంది. అది పడమటి దేశాల కథల్లోది. చైనాలో మాత్రం డ్రాగన్ వాన కురిపించే దేవర. దాని కాపురం నదుల్లో, మేఘాల్లో. తావో తత్వం దృష్టిలో ప్రకృతి ఎప్పుడూ మారుతూనే ఉంటుంది. ఇప్పుడు నీరు.. కాసేపటికి ఆవిరి.. ఆపై మబ్బు. అందుకే చెన్ రోంగ్ డ్రాగన్‌కూ మబ్బుకూ మధ్య గట్టు వేయలేదు.

తలగుడ్డే కుంచె

ఆయన 1235లో పరీక్ష నెగ్గి కొలువులో చేరిన అధికారి. కవి కూడా. రాజ్యం మంగోలులతో పోరాడుతున్న రోజులవి. ఆయన తప్పతాగి, కేకలు వేస్తూ, తలగుడ్డను సిరాలో ముంచి కాగితంపై రుద్దేవాడని, ఆనక కుంచెతో దిద్దేవాడని పాత గ్రంథాలు చెబుతాయి.

ఈ సిరా తయారీ చిత్రమే. మసి, జిగురు కలిపి చేసిన కడ్డీని గంధం తీసినట్టు రాతిపై నీళ్లతో అరగదీస్తారు. నీళ్లు తగ్గితే కాటుక నలుపు. పెరిగితే పొగమంచు. కాగితంపై పడిందా.. ఇక చెరపలేరు.

ఖాళీలోనే ప్రాణం

బొమ్మలో మంచు కనిపించే చోట చాలావరకు ఉన్నది వట్టి కాగితమే! కుండ మనకు పనికొచ్చేది దాని లోపలి ఖాళీ వల్లేనంటుంది తావో తత్వం. చెన్ రోంగ్ బొమ్మలోనూ అంతే. ఒక డ్రాగన్ పంజాలో ముత్యం పట్టుకుంది. మరోచోట సుడిగుండం గిర్రున తిరుగుతోంది. ఆ ఖాళీలు లేకుంటే ఈ కదలికే రాదు.

తర్వాతి కాలంలో తావో గురువులు, చియన్‌లాంగ్ చక్రవర్తి దీనిపై తమ మాటలు రాశారు. ఆ రాతలతో కలిపి చుట్ట పొడవు సుమారు 15 మీటర్లు. ఎత్తు మాత్రం మూరెడే. కుడి నుంచి ఎడమకు కొంచెం కొంచెం విప్పుతూ చూడాలి. 1917 నుంచి ఇది అమెరికాలోని బోస్టన్ లలితకళల మ్యూజియంలో ఉంది.

తెరపైకి..

ఈ సిరా బొమ్మల పద్ధతిని షాంఘై యానిమేషన్ స్టూడియో 1960లో కదిలే బొమ్మల్లోకి తెచ్చింది. అమ్మను వెతుక్కునే తోకకప్పల కథ అది. 1988లో ఓ ముసలి వాద్యకారుడు, శిష్యుడి కథను దాదాపు మాటల్లేకుండానే చెప్పింది.

నేడు కంప్యూటర్‌లోనూ సిరా కుంచె ఉంది. నచ్చకపోతే చెరిపే మీటా ఉంది. ప్రతి పొలుసూ గీయడం తేలికే. ఎక్కడ చెయ్యి ఆపాలో తెలియడమే కష్టం. చెన్ రోంగ్ మబ్బుల్లో దాచిన తోకలను 780 ఏళ్లుగా చూసేవాళ్లే మనసులో గీసుకుంటున్నారు మరి!