ఋణము - దాస్యము - పౌరసత్వము

అమెరికాలో డ్రెడ్ స్కాట్ అను నల్లజాతి బానిస స్వేచ్ఛకై దావా వేయగా, నల్లజాతివారు పౌరులు కాజాలరని 1857 మార్చి 6వ తేదీన ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఉత్తర రాష్ట్రముల పత్రికలును సభలును భగ్గుమనెను. లింకనును, ఫ్రెడరిక్ డగ్లసును బహిరంగముగా ఖండించిరి. అంతర్యుద్ధానంతరము 1865లో బానిసత్వము రద్దయ్యెను. 1868 నాటి రాజ్యాంగ సవరణ ఆ తీర్పును తుడిచివేసెను. న్యాయాధిపతులు కాదన్న పౌరసత్వమును ప్రజలు నిలువబెట్టిరి.

మన దేశమున కథ వేరు. ఇచట శాసనమును, తీర్పును పేదవాని పక్షముననే యున్నవి; ప్రజలలో మాత్రము అంతటి కదలిక లేదు. రాజ్యాంగపు 23వ అధికరణము వెట్టిని నిషేధించెను. 1976 నాటి చట్టము వెట్టిచాకిరిని రద్దుచేసి, దానికి మూలమైన అప్పులను గూడ కొట్టివేసెను. ఆ చట్టము పేర్కొన్న పద్ధతులలో 'జీత', 'పాలేరు', 'వెట్టి' అను మన మాటలే యున్నవి! కనీస వేతనమునకు తక్కువ కూలి యిచ్చుటయు నిర్బంధ శ్రమయేయని 1982లో మన సుప్రీంకోర్టు నిర్ణయించెను. 1983 డిసెంబరు 16వ తేదీన, హర్యానా రాతిగనుల కార్మికుల వ్యాజ్యమున, నిర్బంధ శ్రమ రుజువైనచో అది అప్పు కారణముగనే జరిగినదని భావింపవలెననియు, కాదని చూపవలసిన భారము యజమానిదే యనియు తేల్చెను.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములు వానకు మొగము వాచిన సీమ. పంట పోయిన యేట కూలివాడు చేయిచాపక తప్పదు. "ఆపదలో ఆదుకొంటిమి, మా సొమ్మేమి కావలెను?" అని భూస్వామి యడుగవచ్చును. అప్పిచ్చుట నేరము కాదు. అప్పు తీరువరకు మరియొకచోట పనికి పోరాదనుట నేరము. అది పొలమైనను, పట్టుమగ్గమైనను, ఇటుకబట్టీయైనను ఒక్కటే. న్యాయమైన బాకీకి సివిలు కోర్టులు కలవు. మనుష్యుని శరీరము తాకట్టు వస్తువు కాదు.

జిల్లాకును, డివిజనుకును నిఘాసంఘముండవలెనని చట్టము చెప్పుచున్నది. పెనుకొండ, ధర్మవరములు డివిజను కేంద్రములే. అయినను, ఊరిలో సాక్ష్యము చెప్పువాడు లేనిదే సంఘమేమి చేయగలదు? బాకీ చీటీ చూపి పనివానిని కట్టిపడవేయువాడు మన బంధువైనను, మిత్రుడైనను, తప్పని చెప్పుట విద్యావంతుల విధి. అంతకు ముందు ఎవరి లెక్కల పుస్తకమును వారు విప్పి చూచుకొనుట మంచిది.