స్పెయిన్ దేశపు పేర్లు: అర్థమూ, చరిత్రా

బిడ్డకు మంచి పేరు పెట్టడం తల్లిదండ్రుల బాధ్యతలలో ఒకటి అని ఇస్లాం బోధిస్తున్నది. ప్రళయదినాన మనుషులు తమ పేర్లతోను, తమ తండ్రుల పేర్లతోను పిలువబడతారు గనుక మంచి పేర్లు పెట్టుకొనవలెనన్న భావం గల హదీసు అబూ దావూద్ సంకలనంలో ఉన్నది. చెడు అర్థమిచ్చే పేర్లను దైవప్రవక్త (సల్లం) స్వయంగా మార్చిన సందర్భాలు కూడ ఉన్నవి. ‘అవిధేయురాలు’ అని అర్థమిచ్చే పేరు గల ఒక స్త్రీకి ఆయన ‘జమీలా’ అని పేరు పెట్టినట్లు సహీహ్ ముస్లింలో కలదు.

కాని పేరుకు నిఘంటువు చెప్పే అర్థం ఒకటి, చరిత్ర ఇచ్చే అర్థం మరొకటి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడడానికి స్పెయిన్ దేశం చక్కని ఉదాహరణ. క్రీ.శ. 711 నుండి 1492 వరకు ఆ దేశంలో ఏదో ఒక భాగాన ముస్లిముల పాలన సాగినది. నేడు అక్కడ పిల్లలకు పెట్టే పేర్లలో ఆ చరిత్ర జాడలు కనబడుతున్నవి. అదే దేశంలో ఒకప్పుడు అరబీ పేరు పెట్టుకొనడం నేరం కూడ అయినది.

గోతుల పేర్లు, ప్రవక్తల పేర్లు

అల్ఫోన్సో, ఫెర్నాందో, రొద్రీగో, గొన్సాలో, ఎల్వీరా అనే పేర్లు విసిగోతుల భాష నుండి వచ్చినవి. ముస్లిముల రాకకు ముందు స్పెయిన్‌ను ఏలిన వారు ఈ విసిగోతులే. రొద్రీగో అనగా కీర్తి చేత బలవంతుడు. 711లో తారిఖ్ బిన్ జియాద్ చేతిలో ఓడిన రాజు పేరు ఇదే. అరబీ చరిత్రకారులు అతనిని లుజ్రీఖ్ అని వ్రాసినారు. రొద్రీగో సంతతి వాడు రొద్రీగెస్. ఫెర్నాందో సంతతి వాడు ఫెర్నాందెస్. అరబీలో ‘ఇబ్న్’ చేసే పనినే స్పానిష్‌లో ఈ ప్రత్యయం చేస్తున్నది.

రెండవ వర్గం హీబ్రూ మూలం గలది. ఇవి మన పాఠకులకు వేషం మార్చుకొన్న బంధువుల వంటివి. మరీయా అంటే మర్యం, హోసే అంటే యూసుఫ్, హువాన్ అంటే యహ్యా, మిగేల్ అంటే మీకాయీల్. సాంతియాగో అనే పేరులో ‘సాంత్’ అనగా పవిత్రుడు, ‘ఇయాగో’ అనగా యాకూబ్. ఈ పేరు గల క్రైస్తవ శిష్యుని ముస్లిములపై యుద్ధాలలో తమ రక్షకునిగా స్పెయిన్ సైనికులు తలచేవారు. ఆ నినాదంలో పలికిన పేరు మాత్రం ముస్లిములు కూడ గౌరవించే ఒక ప్రవక్త (అలై) పేరే.

మూడవ వర్గం ఆడపిల్లల పేర్లు. పిలార్ అనగా స్తంభం, దొలోరెస్ అనగా దుఃఖాలు, మెర్సెదెస్ అనగా కరుణలు, కొన్సుయేలో అనగా ఓదార్పు. కన్నబిడ్డకు దుఃఖాలని పేరు పెట్టుకొంటారా అని నిఘంటువు మాత్రమే చూసినవారికి సందేహం కలుగుతుంది. అవి నిజానికి మర్యంను కొలిచే బిరుదులు. పూర్తి పేరు ‘దుఃఖాల మరీయా’, ‘స్తంభపు మరీయా’. వాడుకలో మరీయా జారిపోయి బిరుదు మిగిలినది.

క్రైస్తవుల ఇంట అరబీ పేర్లు

ఈ బిరుదులలోనే అరబీ మాటలు కూడ చేరినవి. మాద్రిద్ నగరపు రక్షకురాలిగా అక్కడి కాథలిక్కులు కొలిచే మూర్తి పేరు అల్ముదేనా. ఇది అరబీ ‘అల్ ముదైనా’ నుండి వచ్చినది. చిన్న కోట అని అర్థం. మాద్రిద్‌లో ఆ కోటను 9వ శతాబ్దంలో కట్టించినది కొర్దోవా అమీరు మొదటి ముహమ్మద్. ఎందరో కాథలిక్కు బాలికలకు నేటికీ ఈ పేరు పెడుతున్నారు. గ్వాదలూపే అనే పేరులో మొదటి భాగం అరబీ ‘వాదీ’, అనగా ఏరు.

ఫాతిమా పేరు కథ ఇంకా చిత్రమైనది. పాలు మాన్పించునది అని దీని అర్థం. దైవప్రవక్త (సల్లం) కుమార్తె పేరు పొరుగున ఉన్న పోర్చుగల్‌లో ఒక గ్రామానికి పేరుగా నిలిచినది. 1917లో ఆ గ్రామంలో ముగ్గురు పిల్లలకు మర్యం దర్శనమైనదని కాథలిక్కులు నమ్ముతారు. ఆ తరువాత ఆ పేరు స్పెయిన్‌లోను, ఇతర దేశాలలోను కాథలిక్కు ఇండ్లకు చేరినది. మన వరంగల్లు దగ్గర కాజీపేటలోని ఫాతిమానగర్‌కు, అక్కడి పెద్ద చర్చికి ఆ పేరు ఆ దారినే వచ్చినది.

పేరుపై రాజశాసనం

1491 నవంబరులో గ్రనాడా లొంగుబాటు ఒప్పందం జరిగినది. ముస్లిముల మతానికి, ఆచారాలకు రక్షణ ఉంటుందని అందులో వ్రాసినారు. ఆ మాట పదేండ్లయినా నిలువలేదు. 1502లో కాస్తీల్ రాజ్యంలోని ముస్లిములకు బాప్తిస్మమో, ప్రవాసమో తప్పలేదు. ఒక ఇంటి కథ చాలు. ఇసబెల్ అనే క్రైస్తవ స్త్రీ గ్రనాడా సుల్తాను అబుల్ హసన్ అలీని పెండ్లాడి సురయ్యా (కృత్తికా నక్షత్రం) అయినది. రాజ్యం పోయిన తరువాత ఆమె తిరిగి ఇసబెల్ అయినది. ఆమె కుమారులు సఅద్, నస్ర్ అనేవారు ఫెర్నాందో, హువాన్ అయినారు.

బాప్తిస్మం పొందిన ఈ ప్రజలను మొరిస్కోలు అన్నారు. వారిలో చాలమందికి రెండేసి పేర్లు ఉండేవి. చర్చి పుస్తకంలో ఒకటి, ఇంటిలో ఒకటి. రెండవ ఫిలిప్ రాజు ఆ రెండవ పేరును కూడ సహించలేదు. 1567 జనవరి 1న గ్రనాడాలో ప్రకటించిన శాసనం అరబీ భాషను, దుస్తులను, స్నానశాలలను, అరబీ పేర్లను నిషేధించినది. భాష మానడానికి మాత్రం మూడేండ్లు గడువిచ్చినది.

దీనికి ఫ్రాన్సిస్కో నూన్యెస్ మూలే అనే వృద్ధ మొరిస్కో ప్రభువు గ్రనాడా న్యాయస్థానాధ్యక్షునికి విన్నపం సమర్పించినాడు. వంశనామాలు తీసివేస్తే మనుషులు ఒకరినొకరు ఎట్లు గుర్తుపడతారు, వంశాలు మాసిపోవా అన్నది అందులోని వాదాలలో ఒకటి. ఆ విన్నపం ఫలించలేదు. 1568 డిసెంబరులో అల్పుహార్రా కొండలలో తిరుగుబాటు లేచినది. దాని నాయకునిగా ఎన్నికైన ఫెర్నాందో దె వాలోర్ చేసిన మొదటి పనులలో ఒకటి తన పేరు మార్చుకొనడం. ఉమయ్యా వంశాన్ని తలచి అబెన్ ఉమేయా అని పేరు ధరించినాడు. 1571 నాటికి తిరుగుబాటు అణగినది. 1609 నుండి 1614 వరకు సుమారు 3 లక్షల మంది మొరిస్కోలను దేశం నుండి వెళ్ళగొట్టినారు. అందరూ బాప్తిస్మపు పేర్లు గలవారే. పేరు మార్చుకొన్నా వారికి రక్షణ దొరకలేదు.

అరబీ పేర్లను నిషేధించిన అదే ఫిలిప్, 1588లో ఇంగ్లండుపైకి పంపిన నౌకాదళానికి నాయకునిగా నియమించినది మెదీనా సిదోనియా ప్రభువును. మెదీనా అనగా అరబీలో నగరం. మెదీనా, అల్కాంతరా (వంతెన), అల్కాలా (కోట) అనే ఇంటిపేర్లు స్పెయిన్‌లో ఈనాటికీ ఉన్నవి.

నేటి స్థితి

పేర్లపై నిర్బంధం మొరిస్కోలతో ముగియలేదు. 1938లో ఫ్రాంకో ప్రభుత్వం బాస్క్, కాతలాన్ పేర్లను నమోదు చేయరాదని ఉత్తర్వు చేసినది. 1977లో వచ్చిన చట్టం తరువాతనే దేశంలోని ఏ భాషలోనైనా పేరు పెట్టుకొనే వీలు కలిగినది. 1992లో ఇస్లామిక్ కమిషన్‌తో కుదిరిన ఒప్పందం చట్టమైనది. నేడు సేవుతా, మెలీయా నగరాలలో పుట్టే మగపిల్లల పేర్లలో ముహమ్మద్ ఎక్కువగా వినబడే పేర్లలో ఒకటి. నాలుగు శతాబ్దాల క్రిందట శిక్షకు కారణమైన పేరును నేడు ప్రభుత్వ గుమాస్తా పుస్తకంలో వ్రాస్తున్నాడు.

కనుక బిడ్డకు పేరు ఎన్నుకొనే తల్లిదండ్రులు అర్థం అడగడం మంచిదే. ఆ పేరును ఇదివరకు ఎవరు ధరించినారు, దానికోసం ఎవరు కష్టపడినారు అని కూడ అడుగవలెను. పేరు పెట్టే హక్కు తల్లిదండ్రులది, దానిని వ్రాసుకొనడం ప్రభుత్వం పని. ఈ రెంటినీ తారుమారు చేసిన రాజ్యంలో ఏమి జరిగినదో గ్రనాడా చరిత్ర చెప్పుచున్నది.