హైదరాబాదు శివారున ఇల్లు కొనుట



మా సఖినేటిపల్లి రేవున సాయంకాలము పంటుకొరకు వేచియుండువారి మాటలు ఒక గడియ వినుడు. ఒకరి కుమారుడు కూకటపల్లిలో నున్నాడు. ఒకరి యల్లుడు నిజాంపేటలో. ఇంకొకరి మనుమరాలు మియాపూరులో. గోదావరి దాటి నరసాపురమున రైలెక్కువారి సంచులలో ఆవకాయ జాడీతోపాటు దస్తావేజు నకళ్లును ఇప్పుడు ప్రయాణము చేయుచున్నవి. కొబ్బరితోట యమ్మి హైదరాబాదు శివారున ఇల్లు కొనవలెనా, వలదా యను ప్రశ్న నేడు కోనసీమలో ప్రతి యరుగు మీదను వినబడుచున్నది. అది నా యింటికిని వచ్చినది. ముప్పదియైదేండ్లు పిల్లలకు సంధులును సమాసములును చెప్పిన నాకు ఈ విద్య క్రొత్త. ఒక లక్ష రూపాయలు గురుదక్షిణగా సమర్పించి నేర్చుకొంటిని. ఆ నేర్చినదానిని మీకు ఉచితముగా నివేదించుచున్నాను.

మొదట ఈ శివార్లు ఎట్లు పెరిగినవో తెలిసికొందము. కూకటపల్లి, మియాపూరు, మాదాపూరు ఒకప్పుడు చెరువులును రాతిగుట్టలును గల పల్లెలు. కూకటపల్లిలో ప్రభుత్వ గృహనిర్మాణ మండలివారు పెద్ద కాలనీ కట్టిరి. 1998 లో మాదాపూరున సైబర్ టవర్స్ భవనము ప్రారంభమై, కంప్యూటరు కొలువులు అచ్చట జేరినవి. 2003 లో లింగంపల్లివరకు ఎం.ఎం.టి.ఎస్. రైళ్లును, 2017 నవంబరులో మియాపూరునుండి మెట్రో రైలును నడువసాగినవి. నగరమును చుట్టి 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఏర్పడినది. ముందు కొలువు, పిదప త్రోవ, ఆ త్రోవ వెంట ఇండ్లు; ఇదియే క్రమము. కొలువునకు దగ్గర ధర పెరిగినకొలది జనము ఆవలికి, ఇంకను ఆవలికి జరుగుచున్నారు. ఇది మనకే వచ్చిన వింత కాదు. ఇండోనేషియాలో జకార్తా నగరము చుట్టు బొగోర్, దెపోక్, తంగెరాంగ్, బెకసి యను పట్టణములు ఇట్లే పెరిగినవి. అచటినుండి లక్షలమంది ప్రతిదినము కొలువులకు నగరమునకు బోయి వచ్చుచుందురు.

ఇక కొనదగిన వస్తువునుగూర్చి చెప్పెదను. శివారున రెండు మాటలు తరచుగా వినబడును. అల్పప్రాణముతో బలికిన ప్లాటు. మహాప్రాణముతో బలికిన ఫ్లాటు. మొదటిది వట్టి నేల, రెండవది అంతస్తుల భవనములోని యిల్లు. ఒత్తు తేడాయే కదా యని మనము రెంటిని కలిపివేయుదుము. కాని ఫలమున చాల భేదము కలదు. ఫ్లాటు నివసించుటకు, ప్లాటు చాలమందికి ధర పెరుగునను ఆశకు. నివాసమునకు కొన్నది ధర పెరుగకున్నను నీడ నిచ్చును. ఆశకు కొన్నది, ఆశ తీరనిచో, పన్నును దిగులును మాత్రమే యిచ్చును. కనుక తోట యమ్ముటకు ముందు, కొనునది ఈ రెంటిలో దేనికని కుమారుని అడుగుడు. రెంటికిని అని యతడు చెప్పినచో మరల నడుగుడు.

ఫ్లాటు కొన్నవానికి దానితోపాటు భూమిలో విభజింపరాని భాగము కొంత వచ్చును. అది యెన్ని గజములో తప్పక చూడవలెను; ఏలయన కట్టడము కాలక్రమమున శిథిలమగును, భూమి శిథిలము గాదు. ఎకరమునకు 4,840 చదరపు గజములు. మన సెంటునకు 48.4 గజములు. నా కుమారుని ఫ్లాటుతో వచ్చినది 45 గజములు. అనగా మన లెక్కలో సెంటైనను నిండలేదు.

ఇప్పుడు నా గురుదక్షిణ కథ. 2019 వేసవిలో ఒక మధ్యవర్తి మా యింటికి రంగుల పటము తెచ్చి చూపెను. ఔటర్ రింగు రోడ్డునకు ఆవల ప్లాట్లు. మూడేండ్లలో ధర రెట్టింపగునట. మా బావమరిదియు నేనును పోయి చూచితిమి. తెల్లని హద్దురాళ్లు, ఎఱ్ఱమన్ను పోసిన వీధులు, రంగుల ద్వారము, మజ్జిగ మర్యాద, అన్నియు బాగుగ నున్నవి. అక్కడనే లక్ష రూపాయలు బయానా ఇచ్చితిని. మరునాడు తెల్లవారుజామున అలవాటు చొప్పున నడకకు బోయి, ఆ ప్లాట్ల వెనుక ఒక గొఱ్ఱెలకాపరి ముసలివానిని చూచి, ఈ నేల ఎవరిదని యడిగితిని. అతడు నవ్వి, “గిది కుంట సారూ! వానకాలంల మా గొర్లు ఈడనే నీళ్లు తాగుతయి” అనెను. అప్పుడు నా కన్నులు తెఱచుకొన్నవి. ఎఱ్ఱమన్ను అంచున నల్లని మట్టి బీటలు వారియున్నది; ఎండిన జమ్ము దుబ్బులు నిలిచియున్నవి. పుట్టినది మొదలు కాలువల నడుమ బ్రదికినవాడను, జమ్మును చూచి నీటిని ఊహింపలేకపోతిని! బేరము మానుకొంటిని. బయానా తిరిగి రాలేదు. 2020 అక్టోబరులో హైదరాబాదున కుంభవృష్టి కురిసి అనేక కాలనీలు మునిగినప్పుడు, మా యబ్బాయి ఆ ప్లాట్ల ఛాయాచిత్రము పంపెను. హద్దురాళ్ల తలలు మాత్రము నీటిపై కనబడుచున్నవి.

ఈ కథలోని తాత్పర్యమేమి? మన యూరిలో ఒక చేను అమ్మకమునకు వచ్చినచో మనము కాగితము చూడము. ముందు జ్ఞాపకమును చూతుము. అది యెవరి తాతది, ఏ యన్నదమ్ములు పంచుకొన్నారు, ఏ వైపున ముంపు, దారి యెవరి గట్టు మీదుగా నున్నది, ఇవన్నియు రావిచెట్టు క్రింద గూర్చున్న నలుగురు పెద్దలకు తెలియును. శివారు అనగా అట్టి పెద్దలు లేని యూరు. ఉన్న కొద్దిమంది పాతవారిని అడుగువారు లేరు. కావున పెద్దల జ్ఞాపకము చేయు పని అచ్చట కాగితములు చేయవలెను. మనము ఊరిలో అడుగు ప్రశ్నలే అచ్చటను అడుగవలెను. జవాబు మాత్రము వ్రాతలో పుచ్చుకొనవలెను.

మొదటి ప్రశ్న నీటిది. చెరువు నిండినప్పుడు నీరు నిలుచు హద్దులోని నేలను తెలంగాణమున శిఖము భూమి యందురు. అందులో కట్టడములకు అనుమతి లేదు. ఆ హద్దునకు వెలుపల గూడ, 10 హెక్టార్లు మొదలుకొని పెద్దవైన చెరువులకు 30 మీటర్లు, అంతకు చిన్నవానికి 9 మీటర్లు విడువవలెనని 2012 నాటి భవన నిర్మాణ నియమములు చెప్పుచున్నవి. 2024 లో ఏర్పడిన హైడ్రా సంస్థ చెరువుల హద్దులలోని కట్టడములు పెక్కింటిని కూల్చినది. ఊరిపేరును గూడ ఆలకింపుడు. నగరము నడుమ మాసాబ్ ట్యాంకు అను పేట కలదు. చెరువు పోయినది, పేరు మాత్రము సాక్ష్యము చెప్పుచున్నది. పేరు చివర చెరువు, కుంట యని యున్నచోట రెండవమారు విచారింపుడు.

రెండవ ప్రశ్న హక్కుది. రిజిస్ట్రేషను అయినది కదా, ఇక భయమేమి యని మనవారందురు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము దస్తావేజును నమోదు చేయును. అమ్మువానికి నిజముగా హక్కు కలదని పూచీపడదు. కావున వెనుకటి లింకు దస్తావేజులు ముప్పది యేండ్లవరకైనను, ఈసీ యని వాడుకలో చెప్పు ఋణభారపత్రమును ఒక తెలిసిన వకీలుచేత చూపింపవలెను. పేదలకు సర్కారు ఇచ్చిన అసైన్డు భూమిని కొనుట 1977 నాటి చట్టము ప్రకారము చెల్లదు. జీ.పీ.ఏ. యను అధికారపత్రముతో ప్లాట్లు అమ్ముట శివారున చిరకాలమునుండి కలదు. దానివలన యాజమాన్యము సంక్రమింపదని సుప్రీంకోర్టువారు 2011 లో తీర్పు చెప్పిరి. రిజిష్టరయిన విక్రయ దస్తావేజే దస్తావేజు.

మూడవ ప్రశ్న అనుమతిది. పటమునకు హెచ్.ఎం.డి.ఏ. వారి అనుమతి కలదా? 2016 నాటి రెరా చట్టము ప్రకారము, 500 చదరపు మీటర్లకు మించిన స్థలమున గాని, ఎనిమిదింటికి మించిన ఫ్లాట్లతో గాని ప్రాజెక్టు వేయువారు, అమ్మకమునకు ముందే దానిని నమోదు చేయింపవలెను. ఇంకను అనుమతి రాలేదు, ఇప్పుడే కొన్నచో చౌక యను మాట వినబడినచో, అది చట్టమునకు విరుద్ధమైన చౌక యని గ్రహింపుడు. ఒప్పందము వ్రాసి రిజిష్టరు చేయకుండ ధరలో నూటికి 10 వంతులకు మించి బయానాగా పుచ్చుకొనరాదు. కొన్నవారు కట్టిన సొమ్ములో నూటికి 70 వంతులు ఆ భవనము పనికే ప్రత్యేకపు ఖాతాలో నుంచవలెను. స్వాధీనపరచిన తరువాత అయిదేండ్లలో కట్టడమున లోపము బయటపడినచో కట్టినవారే బాగుచేయవలెను. ఇవన్నియు కొనువాని పక్షమున నున్న నియమములు. కాని అడిగినవానికే పనికివచ్చును.

నాల్గవ ప్రశ్న దినచర్యది. మధ్యవర్తులు దూరమును నిమిషములలో చెప్పుదురు. ఆ నిమిషములు ఆదివారపు నిమిషములు. పనిదినమున ఉదయము తొమ్మిదింటికి, వానకాలమున సాయంకాలము ఏడింటికి ఆ త్రోవను ఒకమారు పోయి రండు. నా కుమారుడు ఎనిమిదింటికి వెడలి రాత్రి తొమ్మిదింటికి వచ్చుచుండెడివాడు; చంటిది తండ్రిని నిద్రలోనే చూచుచుండెడిది. త్రాగునీటి మాటయు అట్టిదే. మన రేవును దాటి సముద్రమున గలియు గోదావరి నీరే ఎగువ ఎల్లంపల్లి జలాశయమునుండి 2015 మొదలు గొట్టములలో హైదరాబాదు చేరుచున్నది. అయినను క్రొత్త కాలనీలకు గొట్టము వచ్చుదాక బోరును ట్యాంకరును దిక్కు. వేసవిలో ట్యాంకరునకు నెలకెంత యగుచున్నదో ప్రక్కయింటి యిల్లాలి నడుగుడు. ఆమె చెప్పినది నమ్ముడు.

పెట్టుబడి లెక్క గూడ ఒకటి చెప్పెదను. 50 లక్షల ఫ్లాటునకు నెలకు 15,000 రూపాయల అద్దె వచ్చిననుకొనుడు. ఏడాదికి 1,80,000, నూటికి మూడున్నర చిల్లర. అందులో 40 లక్షలు నూటికి 8 వడ్డీకి 20 ఏండ్లకు బ్యాంకులో అప్పు చేసినచో, నెలకు సుమారు 33,450 చొప్పున మొత్తము 80 లక్షలు కట్టవలెను. అద్దెతో అప్పు తీరునను మాట యీ లెక్కకు నిలువదు. ధర పెరుగవచ్చును, కాని నివసించు ఇంటిని అమ్మినగాని ఆ పెరుగుదల చేతికి రాదు.

మరి నేనేమి చేసితిని? నాకు 80 సెంట్ల కొబ్బరితోట యుండెను. 1996 నవంబరు 6 వ తేదీ రాత్రి తుపానులో పాతచెట్లు కూలిపోగా, మా నాన్నగారును నేనును గోతులు త్రవ్వి నాటిన మొక్కలవి. ఏడెనిమిదేండ్లకుగాని కాపునకు రాలేదు. “నాన్నగారూ, ప్లాటు మాట విడువుడు, అద్దెయింటిలో మూడుమార్లు మారితిమి, పిల్లకు బడి కుదురుట లేదు” అని మా యబ్బాయి యన్నప్పుడు, అది ఆశ గాదు, అవసరమని నాకు తోచినది. 40 సెంట్లు అమ్మితిని. అతని కొలువునకు అరగంట దూరమున, మెట్రో స్టేషనునకు నడిచిపోదగినచోట, పై ప్రశ్నలన్నియు అడిగి, చిన్న ఫ్లాటు కొంటిమి. ఇప్పుడతడు ఏడింటికి ఇల్లు చేరుచున్నాడు. మిగిలిన 40 సెంట్లు నా పేరనే యున్నవి. రెండు నెలలకొక దింపు వచ్చుచున్నది.

ఆ మిగిలినదానిని గూడ వ్రాసి యిండని ఎవరైన నడిగినచో తొందరపడకుడు. పిల్లలకు ఆస్తి నిచ్చునప్పుడు, మమ్ము పోషింపవలెనను నియమము దానపత్రమునందే వ్రాయించినచో, వారు తప్పినప్పుడు దానిని రద్దుచేయించుకొనుటకు 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టము అవకాశము నిచ్చుచున్నది. వ్రాయకున్నచో కష్టము. ఇది పిల్లలయందు అపనమ్మకము గాదు. తలుపునకు గడియ వంటిది.

అమ్మిన తోట ప్రక్కగా పోవునప్పుడు నా చేయి అలవాటుగా చెట్టును తడవబోవును. ఆ బాధ యున్నది. కాని పశ్చాత్తాపము లేదు. ఆ చెట్లు నా మనుమరాలికి తండ్రిని రెండు గంటలు ముందుగా ఇంటికి చేర్చినవి. అట్టి ఫలము కనబడినప్పుడు అమ్ముడు; రంగుల పటము మాత్రమే కనబడినప్పుడు అమ్మకుడు. బయానా ఇచ్చుటకు ముందు, ఆ నేల ప్రక్కన గొఱ్ఱెలు మేపు ముసలివానిని వెదకి ఒకమాట అడుగుడు.