లోగోలో చెరిగిన తలకట్టు

వేసవిలో ప్రవేశాల కోసం మేం వేయించిన పోస్టరు ముందు నిలబడి ఓ తండ్రి అడిగాడు: "సార్, ఇది తెలుగు బడేనా?" పోస్టరులో విషయమంతా కన్నడంలో ఉంది. తెలుగులో ఉన్నదల్లా లోగో చుట్టూ రాసిన 'తెలుగు ప్రాథమిక పాఠశాల' అన్న మాటలే. అవే అలుక్కుపోయాయి.

తప్పు ప్రెస్సువాళ్లది కాదు, మాదే. వాట్సాప్ గ్రూపులో దొరికిన బొమ్మను అలాగే పంపాం. ఫోనులో నిగనిగలాడింది. దాని వెడల్పు 400 పిక్సెళ్లు. ఏ3 పోస్టరు మీద దాన్ని ఆరంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 67 చుక్కలు కూడా మిగలవు. దగ్గరగా చదివే కాగితం అచ్చుకు మామూలుగా అంగుళానికి 300 కావాలి, అంటే 1800 పిక్సెళ్లు. కంప్యూటరులో సైజు పెంచితే సరిపోదా అంటారు కొందరు. పిక్సెళ్ల లెక్క పెరుగుతుంది గానీ పోయిన గీత తిరిగిరాదు.

బళ్లారిలో ఈ మసక మామూలు మసక కాదు. తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెళ్లు. చాలా అక్షరాల్లో తేడా తలకట్టు దగ్గరే తెలుస్తుంది. అది చెరిగితే ఏ భాషో చెప్పడం కష్టం. థ, ఠ కడుపులోని చుక్కలు పోతే 'పాఠశాల' కాస్తా 'పారశాల' అవుతుంది! 1953 అక్టోబరు 1న ఈ తాలూకా మైసూరు రాష్ట్రంలో కలిసిన తర్వాత కూడా ఇక్కడ తెలుగు చదువు నిలబడింది. దాన్ని మేమే ఒక జేపెగ్ ఫైలుతో చెరుపుకున్నట్టయింది.

2016లో కర్ణాటక ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధించింది కాబట్టి మాకు కాగితం పోస్టరే గతి. ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తాం, కొంత మసక చెల్లిపోతుంది. కాగితం పోస్టరును ముక్కు ఆనించి చదువుతారు.

అసలు మందు వెక్టర్ ఫైలు. ఎస్‌వీజీ, పీడీఎఫ్, కోరెల్‌డ్రాలో గీసిన సీడీఆర్... ఇందులో గీతలు చుక్కలుగా కాక లెక్కలుగా ఉంటాయి, ఎంత పెంచినా చెదరవు. అక్షరాలను మాత్రం కర్వులుగా మార్చి ఇవ్వాలి. లేదంటే ఆ ఫాంటు లేని ప్రెస్సులో పిచ్చిగీతలు వస్తాయి. వాట్సాప్‌లో పంపక తప్పకపోతే ఫొటోగా కాదు, డాక్యుమెంటుగా పంపండి.

మా దగ్గర అసలు ఫైలే లేదు. ఎప్పుడో బదిలీ అయిన హెడ్‌మాస్టరుగారి పెన్‌డ్రైవుతో పాటే పోయింది. చివరికి మూడంగుళాల చిహ్నమున్న పాత సర్టిఫికెట్ బీరువాలో దొరికింది. 600 డీపీఐలో స్కాన్ చేస్తే సరిగ్గా 1800 పిక్సెళ్లు వచ్చాయి. దాని మీద ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో మళ్లీ గీయించాం. గీసిన కుర్రాడు థలో చుక్క మరిచాడు. ప్రూఫులో పట్టుకున్నది ఐదో తరగతి పిల్ల.