ఏపీఎల్‌లో తత్సమ, వికర్ణ మాత్రికల నిర్మాణం

ప్రధాన వికర్ణంపై ఉన్న మూలకాలు తప్ప మిగిలినవన్నీ సున్నాలుగా గల చతురస్ర మాత్రికను వికర్ణ మాత్రిక అంటారు. ఆ వికర్ణంపై అన్నీ 1లే ఉంటే దానిని తత్సమ మాత్రిక లేదా యూనిట్ మాత్రిక అంటారు. సంఖ్యల గుణకారంలో 1కి ఉన్న స్థానమే మాత్రికల గుణకారంలో తత్సమ మాత్రికకు ఉంది. ఏపీఎల్ అనే అర్రే ప్రోగ్రామింగు భాషలో ఈ మాత్రికలను లూపులు లేకుండా ఒక్క పంక్తిలో నిర్మించవచ్చు. ఇందుకు పలు పద్ధతులు ఉన్నాయి. వాటిలో ఒక్కొక్కటి మాత్రికకు సంబంధించిన ఒక్కొక్క లక్షణంపై ఆధారపడుతుంది.

నేపథ్యం

కెనడాలో జన్మించిన కెన్నెత్ ఐవర్సన్ (1920–2004) హార్వర్డు విశ్వవిద్యాలయంలో బోధిస్తున్న కాలంలో, గణిత ప్రక్రియలను సందిగ్ధత లేకుండా వ్రాయడానికి ఒక సంకేత పద్ధతిని రూపొందించాడు. ఆయన 1960లో ఐబీఎం సంస్థలో చేరాడు. ఈ పద్ధతిని వివరించే "ఎ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్" అనే గ్రంథం 1962లో వెలువడింది. ఏపీఎల్ అన్న పేరు ఈ గ్రంథం పేరులోని పదాల మొదటి అక్షరాల నుండి వచ్చింది. 1966 నాటికి ఇది కంప్యూటరుపై నడిచే భాషగా రూపొందింది. ఐవర్సన్‌కు 1979లో ట్యూరింగ్ పురస్కారం లభించింది.

సంబంధం నిజమైతే 1, అబద్ధమైతే 0 అని విలువ కట్టడం ఐవర్సన్ పద్ధతిలోని ముఖ్యాంశం. తత్సమ మాత్రికలో ఉన్నవి కూడా 0, 1 మాత్రమే. కాబట్టి ఒక పోలిక ఫలితంగానే ఆ మాత్రిక లభిస్తుంది.

పోలిక ద్వారా నిర్మాణం

ఏపీఎల్‌లో ⍳ (అయోటా) గుర్తు వరుస సంఖ్యలను ఇస్తుంది. ⍳3 అంటే 1 2 3. ∘.= అనే బాహ్య లబ్ధం ఎడమవైపు ఉన్న ప్రతి సంఖ్యను కుడివైపు ఉన్న ప్రతి సంఖ్యతో పోల్చి, ఫలితాలను పట్టికగా అమరుస్తుంది.

(⍳3)∘.=⍳3

ఫలితం:

1 0 0
0 1 0
0 0 1

అడ్డు వరుస సంఖ్య, నిలువు వరుస సంఖ్య సమానమైన చోట 1, కాని చోట 0 వచ్చాయి. గణితంలో క్రోనెకర్ డెల్టా అని పిలిచే నిర్వచనం ఇదే. జర్మన్ గణితవేత్త లియోపోల్డ్ క్రోనెకర్ (1823–1891) పేరు మీదుగా దానికి ఆ పేరు వచ్చింది. అంటే ఇక్కడ నిర్వచనమే ప్రోగ్రాముగా మారింది. సమాన గుర్తుకు బదులు ≤ వాడితే వికర్ణంపైన, దానికి ఎగువన 1లు గల త్రిభుజ మాత్రిక వస్తుంది.

ఎడమవైపు కుండలీకరణాలు తప్పనిసరి. ఏపీఎల్‌లో గణన కుడి నుండి ఎడమకు సాగుతుంది. అవి లేకపోతే ముందుగా 3 అనే ఒక్క సంఖ్య మాత్రమే 1 2 3తో పోల్చబడి, ఆ ఫలితానికి ⍳ వర్తిస్తుంది.

లెక్కింపును 1 నుండి కాక 0 నుండి మొదలుపెట్టే సౌకర్యం కూడా ఏపీఎల్‌లో ఉంది. అప్పుడు ⍳3 విలువ 0 1 2 అవుతుంది. రెండు వైపులా మార్పు ఒకే విధంగా జరుగుతుంది కనుక పై పంక్తి ఫలితం మారదు.

పునరావృతి ద్వారా నిర్మాణం

⍴ (రో) గుర్తు ఒక జాబితాను కోరిన ఆకారంలో పేరుస్తుంది. జాబితా చాలకపోతే మళ్ళీ మొదటి నుండి తీసుకుంటుంది.

3 3⍴1 0 0 0

ఇందులో 1 తరువాత మూడు సున్నాలు ఉన్నందున ప్రతి నాలుగవ స్థానానికి 1 పునరావృతమవుతుంది. వరుసకు మూడే స్థానాలు ఉండటం వలన ప్రతి వరుసలోనూ 1 ఒక స్థానం కుడికి జరుగుతుంది. ఫలితం పై మాత్రికే. దీనినే 3 3⍴4↑1 అని కూడా వ్రాయవచ్చు. 4↑1 అంటే 1తో మొదలై, మిగిలిన స్థానాలలో సున్నాలతో నింపిన నాలుగు మూలకాల జాబితా. ఈ పద్ధతిలో పోలికలు లేవు. అయితే జాబితా పొడవు మాత్రిక పరిమాణం కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ ఉండాలి.

వికర్ణ మాత్రిక

5, 7, 9 వికర్ణంపై రావాలంటే ప్రతి వరుసలోనూ 5 7 9 ఉన్న మాత్రికను తత్సమ మాత్రికతో మూలకం వారీగా గుణించాలి.

((⍳3)∘.=⍳3)×3 3⍴5 7 9

ఫలితం:

5 0 0
0 7 0
0 0 9

పునరావృతి పద్ధతిలో అయితే ప్రతి సంఖ్య తరువాత మూడు సున్నాలు చేర్చి, అన్నింటినీ ఒకే జాబితాగా పరచి, మొదటి తొమ్మిదింటిని పేర్చాలి.

3 3⍴,(3 1⍴5 7 9),3 3⍴0

దీనికి విలోమంగా, ఒక మాత్రిక నుండి వికర్ణాన్ని వెలికితీయడానికి ⍉ గుర్తు ఉపయోగపడుతుంది. 1 1⍉3 3⍴⍳9 అన్న పంక్తికి ఫలితం 1 5 9.

రెండు గుణకారాలు

ఏపీఎల్‌లో × మూలకం వారీ గుణకారం. గణితంలోని మాత్రికా గుణకారాన్ని +.× అని వ్రాస్తారు. ఒక మాత్రికను తత్సమ మాత్రికతో +.× ద్వారా గుణిస్తే అది మారదు. × ద్వారా గుణిస్తే వికర్ణం తప్ప మిగిలినదంతా సున్నా అవుతుంది. రెండు సందర్భాలలోనూ ఫలితం ఆకారం ఒకటే కాబట్టి కంప్యూటరు దోషాన్ని చూపదు. అభ్యాసకులు ముఖ్యంగా జాగ్రత్త వహించవలసిన విషయం ఇది.

నిర్మాణం అవసరం లేని సందర్భాలు

వికర్ణ మాత్రికను కుడివైపు ఉంచి +.× చేస్తే ఎడమవైపు మాత్రికలోని ఒక్కొక్క నిలువు వరుస ఒక్కొక్క వికర్ణ మూలకంతో గుణించబడుతుంది. మాత్రిక పరిమాణం 1000 అయితే సాధారణ పద్ధతిలో ఇందుకు 100 కోట్ల గుణకారాలు కావాలి. వికర్ణ మూలకాల జాబితానే ⍴తో పేర్చి × చేస్తే 10 లక్షలు చాలు.

జ్ఞాపకశక్తి విషయంలోనూ ఇదే పరిస్థితి. పరిమాణం 10,000 ఉన్న మాత్రికలో 10 కోట్ల మూలకాలు ఉంటాయి. డయలాగ్ ఏపీఎల్ వంటివి 0, 1 విలువలను ఒక్కొక్క బిట్‌లో నిలువ చేస్తాయి కనుక తత్సమ మాత్రికకు 1.25 కోట్ల బైట్లు సరిపోతాయి. మూలకానికి 8 బైట్లు పట్టే దశాంశ సంఖ్యలు వికర్ణంపై ఉంటే అదే మాత్రికకు 80 కోట్ల బైట్లు కావాలి. వాటిలో సున్నా కానివి 10,000 మాత్రమే. వాటిని జాబితాగా ఉంచితే 80,000 బైట్లు చాలు. కాబట్టి వికర్ణ మాత్రికను నిర్మించడం తెలియడంతో పాటు, దానిని జాబితాగానే ఉంచవలసిన సందర్భాన్ని గుర్తించడం కూడా అవసరం.

ఇతర భాషలలో

మాట్‌ల్యాబ్‌లోనూ, పైథాన్ భాషకు చెందిన నమ్‌పైలోనూ తత్సమ మాత్రికకు "ఐ" అనే ప్రమేయం ఉంది. తత్సమ మాత్రికను సూచించే ఆంగ్ల అక్షరానికీ, కన్ను అనే అర్థం గల ఆంగ్ల పదానికీ ఉచ్చారణ ఒకటే కావడంతో ఆ పదాన్నే పేరుగా పెట్టారు. ఈ రెండింటిలోని "డయాగ్" ప్రమేయం జాబితాను ఇస్తే వికర్ణ మాత్రికను నిర్మిస్తుంది, మాత్రికను ఇస్తే వికర్ణాన్ని వెలికితీస్తుంది.

ఇవి కూడా చూడండి

మాత్రిక
నిర్ధారకం
క్రోనెకర్ డెల్టా
కెన్నెత్ ఐవర్సన్