పేరు పలుకు మారవచ్చు, అర్థం తెగకూడదు

బిడ్డ ఈ లోకంలో కన్ను తెరిచాక తల్లిదండ్రులు ఇచ్చే మొదటి కానుక పేరు. తొడిగిన బట్టలు చినిగిపోతాయి, కొనిచ్చిన బొమ్మలు విరిగిపోతాయి. పేరు మాత్రం చివరిదాకా వెంట ఉంటుంది. ప్రళయదినాన మానవులు తమ పేర్లతోను, తమ తండ్రుల పేర్లతోను పిలువబడతారని, అందుచేత మంచి పేర్లు పెట్టుకోవాలని బోధించే ఉల్లేఖనం ఒకటి అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది.

మన ఇళ్లలో పేరు ఎంపిక శ్రద్ధగానే జరుగుతుంది. పెద్దలను అడుగుతారు, ఆలిములను సంప్రదిస్తారు, ఏడవ రోజున అఖీఖా చేసి ఆ పేరుతో పిలుస్తారు. అయితే ఆ తర్వాత బడిలో, కార్యాలయంలో, వీధిలో ఆ పేరుకు ఏమవుతున్నదో పట్టించుకునేవారు తక్కువ. పేరుకు రెండు రకాల మార్పులు వస్తాయి. ఒకటి పలుకుబడిలో వచ్చేది, మరొకటి కోత వల్ల వచ్చేది. మొదటిది సహజం. రెండవది మాత్రం అర్థాన్నే హరిస్తుంది.

నాలుకను బట్టి పలుకు

ఒక భాషలోని పేరు మరొక భాషలోకి వెళ్లినప్పుడు అక్కడి నాలుకకు తగినట్లు మారుతుంది. ముహమ్మద్ అనే పవిత్ర నామం తుర్కీ ప్రజల నోట మెహ్మెత్‌గా, పశ్చిమాఫ్రికాలో మమదూగా వినిపిస్తుంది. అబ్దుల్లాహ్ అనే పేరు సెనెగల్ దేశంలో అబ్దులాయ్ అయింది. మనం ఇబ్రాహీం, యూసుఫ్, మర్యం అని గౌరవంగా స్మరించే మహనీయులనే మన పొరుగింటి క్రైస్తవ సోదరులు అబ్రాహాము, యోసేపు, మరియ అంటారు. పలుకులు వేరైనా మూలం ఒక్కటే.

తెలుగు పల్లెల్లోనూ ఇదే జరిగింది. హుసేన్ ఉసేనయ్యాడు, మహబూబ్ మాబు అయ్యాడు, ఫాతిమా బీ ఫాతింబీ అయింది. పట్టణవాసులు కొందరు ఈ పేర్లను విని నవ్వుతారు. అది తగదు. మహబూబ్ అంటే ప్రియమైనవాడు. అమ్మమ్మ 'మాబూ' అని నోరారా పిలిచినప్పుడు ఆ ప్రేమలో లోటేమీ లేదు. అక్షరాలు నేర్వని పెద్దలు తమ నోటికి వచ్చినట్లు పలికినా, ఆ పేర్లను తరతరాలుగా కాపాడి మనకు అందించారు. వారికి మనం రుణపడి ఉన్నాం.

కత్తిరిస్తే మిగిలేదేమిటి?

ఇక కోత సంగతి చూద్దాం. 'అబ్ద్' అంటే దాసుడు. 'రహ్మాన్' అంటే అనంత కరుణామయుడు. రెండూ కలిస్తేనే 'కరుణామయుని దాసుడు' అనే అర్థం వస్తుంది. నడుమనున్న 'ఉల్' ఒక పదం కాదు. అందులో 'ఉ' మొదటి పదానికి చేరిన విభక్తి ధ్వని, 'ల్' రెండవ పదానికి ముందుండే 'అల్'లో మిగిలిన భాగం. కాబట్టి ఒక అబ్బాయిని 'అబ్దుల్' అని పిలిచి ఊరుకోవడమంటే, 'దాసుడు' అని చెప్పి ఎవరి దాసుడో చెప్పకుండా నోరు మూసుకోవడమే.

రెండవ సగంతో పిలిస్తే సమస్య ఇంకా పెద్దది. అబ్దుల్ ఖాలిఖ్‌ను 'ఖాలిఖ్' అంటే సృష్టికర్త అని పిలిచినట్లు. అబ్దుర్రజ్జాఖ్‌ను 'రజ్జాఖ్' అంటే ఉపాధి ప్రదాత అని పిలిచినట్లు. ఇవి అల్లాహ్‌కు మాత్రమే చెల్లే నామాలు. కరీమ్, రహీమ్, రషీద్ వంటి పదాల విషయం కొంత వేరు. మానవులకు కూడా వాటిని పరిమిత అర్థంలో వాడవచ్చునని ధర్మవేత్తలు చెప్పారు. ఖుర్ఆన్‌లోని తౌబా సూరా చివరి ఆయతులలో దైవప్రవక్త (స) విషయంలో 'రహీమ్' అనే పదం వచ్చింది. ఈ తేడా ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

చిన్న అక్షరం కూడా ఎంత పని చేస్తుందో గమనించండి. మన దేశ తొలి విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్. మన దేశ రాష్ట్రపతిగా పనిచేసిన శాస్త్రవేత్త అబ్దుల్ కలాం. వినడానికి దగ్గరగా ఉన్నా, 'అబుల్'లో ఉన్నది తండ్రి అనే అర్థమిచ్చే 'అబూ', 'అబ్దుల్'లో ఉన్నది దాసుడనే అర్థమిచ్చే 'అబ్ద్'. అబుల్ కలాం అంటే వాక్కుకు తండ్రి, అనగా వాగ్ధాటి గలవాడు.

ఆడపిల్లల పేర్లకూ ఈ కోత తప్పడం లేదు. ఖైరున్నిసా అంటే స్త్రీలలో శ్రేష్ఠురాలు. ముందు భాగం తీసివేసి 'నిసా' అని పిలిస్తే మిగిలేది 'స్త్రీలు' అనే బహువచనం! నిజాముద్దీన్ అంటే ధర్మానికి క్రమపద్ధతి. అందులోంచి 'ఉద్దీన్'ను విడదీసి ఇంటిపేరుగా రాస్తే అరబీలో దానికి నిలకడైన అర్థమే లేదు. రహ్మతుల్లాహ్‌లోని 'ఉల్లా' సంగతీ అంతే.

దైవప్రవక్త (స) పేరులోని అర్థానికి ఎంతో విలువనిచ్చారు. అవిధేయురాలు అనే అర్థమిచ్చే ఆసియహ్ అనే పేరును జమీలాగా మార్చారు. (ఫిరౌన్ భార్య హజ్రత్ ఆసియా పేరు ఇది కాదు, అరబీలో దాని అక్షరాలు వేరు.) హజ్న్ అనే వ్యక్తి వచ్చినప్పుడు, కరకునేల అనే అర్థమున్న ఆ పేరును వదిలి, మెత్తని నేల అనే అర్థమిచ్చే సహ్ల్ అనే పేరు పెట్టుకోమన్నారు. తండ్రి పెట్టిన పేరు మార్చుకోనని అతడు నిరాకరించాడు. తమ కుటుంబంలో ఆ కరకుదనం అలాగే నిలిచిపోయిందని అతని మనవడు, సుప్రసిద్ధ పండితుడు సయీద్ బిన్ ముసయ్యబ్ చెప్పిన విషయం బుఖారీ గ్రంథంలో ఉంది.

ఇంటిపేరు దేనికి?

అరబ్బుల సంప్రదాయంలో మన ఇంటిపేరు వంటిది వేరే రూపంలో ఉంటుంది. ఇమామ్ బుఖారీ (రహ్మలై) గారినే తీసుకోండి. వారి పేరు ముహమ్మద్, తండ్రి పేరు ఇస్మాయీల్, కున్యత్ అబూ అబ్దుల్లాహ్. బుఖారీ అనేది వారి ఊరు బుఖారాను తెలిపే మాట. పేరు మనిషిని, తండ్రి పేరు వంశాన్ని, ఊరి పేరు నేలను తెలుపుతాయి.

మన తెలుగునాట ఇంటిపేరు ముందు వస్తుంది. షేక్, సయ్యద్, పఠాన్, మొఘల్ అనేవి అలా మన పేర్లకు ముందు చేరాయి. షేక్ అంటే అరబీలో పెద్దమనిషి. గల్ఫ్ దేశాలలో నేటికీ అది గౌరవ బిరుదే. సయ్యద్ అంటే నాయకుడు, ప్రవక్త (స) వంశీకులకు వాడుకైన పదం. పఠాన్ అనేది పష్తూన్ జాతి పేరుకు మన దేశంలో ఏర్పడిన రూపం. మొఘల్ అనేది మంగోల్‌కు పారసీ రూపం. ఇవి గుర్తింపు కోసమే. జాతులు, తెగలు పరస్పరం గుర్తించుకోవడానికేనని, అల్లాహ్ దృష్టిలో గౌరవనీయుడు భయభక్తులు గలవాడేనని హుజురాత్ సూరా బోధిస్తున్నది. ఇంటిపేరు చూసి సంబంధాన్ని కాదనేవారు, దూదేకుల సోదరులను తక్కువగా చూసేవారు ఈ ఆయతు ముందు నిలబడి సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది.

తల్లిదండ్రులు చేయవలసినది

పేరు నిలవాలంటే కాగితం మీద కూడా నిలవాలి. 1969 నాటి చట్టం ప్రకారం జననాన్ని 21 రోజులలోగా నమోదు చేయించాలి. 2023లో వచ్చిన సవరణ మేరకు, ఆ ఏడాది అక్టోబరు 1 నుండి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి, పాస్‌పోర్టుకు, ఓటరు జాబితాకు పుట్టిన తేదీ, స్థలాల రుజువు జనన ధ్రువపత్రమే. అందులో పడిన తప్పు బిడ్డను జీవితాంతం వెంటాడుతుంది. కనుక కొన్ని జాగ్రత్తలు అవసరం.

పేరును మొదట ఒక కాగితంపై తెలుగులోను, ఉర్దూలోను, ఆంగ్లంలోను పూర్తిగా రాసుకోండి. అబ్దుర్రహ్మాన్ వంటి పేరును ఒకచోట కలిపి, మరొకచోట విడదీసి రాయకండి. ఇంటిపేరు గడిలో ఇంటిపేరునే రాయండి, పెట్టిన పేరులోని ముక్కను తెచ్చి అక్కడ వేయకండి. జనన పత్రం, ఆధార్, బడి రిజిస్టరు మూడింటిలో ఒకే రూపం ఉండేలా చూడండి. బడిలో చేర్చే రోజున ఉపాధ్యాయునికి పూర్తి పేరు చెప్పి, అలాగే పిలవమని మర్యాదగా కోరండి. వారిలో చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

అన్నింటికంటే ముందు, బిడ్డకు ఊహ తెలిసిన నాడే తన పేరుకు అర్థమేమిటో చెప్పండి. అల్లాహ్‌కు అత్యంత ప్రియమైన పేర్లు అబ్దుల్లాహ్, అబ్దుర్రహ్మాన్ అని ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. రెండింటిలోనూ ఉన్నది దాస్యమే. తాను కరుణామయుని దాసుడనని తెలిసిన బిడ్డ, తన పేరును ఎవరైనా సగానికి విరిచినప్పుడు తానే వినయంగా సరిదిద్దుతాడు. ఆ పేరుకు తగినట్లు బ్రతకడానికీ ప్రయత్నిస్తాడు. అల్లాహ్ మన సంతానానికి ఆ భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.