లోకధర్మి చలనచిత్రములు – పాత్రభాషా విచారము

దృశ్యకావ్యమునకు రెండు ధర్ములు గలవని భరతముని నాట్యశాస్త్రమునఁ జెప్పియున్నాఁడు. లోకపు నడవడిని, గృత్రిమాలంకారములు లేక, స్వభావసిద్ధముగాఁ జూపునది లోకధర్మి. సంకేతములచేతను, నతిశయముచేతను, నృత్తగీతములచేతను బెంపొందునది నాట్యధర్మి. ఈ విభాగము నేఁటి తెలుఁగు చలనచిత్రములకును జక్కఁగా నన్వయించును. నాయకుఁ డొక్కఁడే పదుగురను గూల్చుట, సంభాషణమధ్యమున నకస్మాత్తుగా దూరదేశమునఁ బాట వెలువడుట మొదలగునవి నాట్యధర్మికి రూఢములు. ప్రసిద్ధనాయకులు లేక కొలఁది వ్యయముతో నిర్మింపఁబడు కొన్ని చిత్రములు లోకధర్మి నాశ్రయించుచున్నవి. ఈ మార్గము కేవలము క్రొత్తది గాదు; 1988లో బి. నరసింగరావు ‘దాసి’ యీ త్రోవనే నడచెను. 2018 మొదలు వెలువడిన వానిలో మూఁటి నిచటఁ బరిశీలింతము.

వీనిమీఁద నొక యాక్షేపము గలదు. ఇందలి పాత్రలు లక్షణసమ్మతమగు భాష నాడవనియు, మాండలికము తెఱకెక్కుటచే బాలుర భాష చెడుననియు దాని సారము. ఇది త్రోసిపుచ్చఁదగినది గాదు, విచారింపఁదగినది.

ప్రాచీనులు నాటకమున నొక్క భాషనే వాడలేదు. ఉత్తమపాత్రలకు సంస్కృతము, ఇతరులకుఁ బ్రాకృతభేదములు నియమింపఁబడెను. ఐనను భాషను బట్టి రసము నిర్ణీతము గాలేదు. మృచ్ఛకటికమున శకారుని పలుకు ప్రాకృతమే. అది నవ్వును, రోఁతను బుట్టించును. వాని సేవకుఁడగు స్థావరకుని పలుకును బ్రాకృతమే. వసంతసేనను జంపుమని యేలిక యాజ్ఞాపింపఁగాఁ బరలోకభీతిచే నిరాకరించినవాఁడును, బిదప మేడపైనుండి దుమికి చారుదత్తుఁడు నిర్దోషి యని చాటినవాఁడును నితఁడే. కావున నీచపాత్రమునకు విధింపఁబడిన భాషయే ధర్మవీరమును మోయఁగలిగినది.

మన చిత్రములలో నీ వివేకము చిరకాలము లోపించెను. నాయకుఁడు కృష్ణాగోదావరీ మండలముల శిష్టవ్యవహారమున మాటలాడుటయు, తెలంగాణపుఁ బలుకుబడియు, ఉత్తరాంధ్రపుఁ బలుకుబడియు విదూషకునకో, దుష్టునకో, పనివానికో దక్కుటయుఁ బరిపాటి యయ్యెను. ఫలమేమన, ఆ సీమల బాలురు తమ తల్లిపలుకు నవ్వులకే తగినదని తలఁచి తరగతిలో నోరు విప్ప జంకిరి. ఇది బడిపంతుళ్లెల్లరు నెఱిఁగినదే.

2018లో వెంకటేశ్ మహా దర్శకత్వమున వెలువడిన ‘కేరాఫ్ కంచరపాలెం’ విశాఖపట్టణములోని యా పేటయందే, పెక్కురు స్థానికులే నటులుగా నిర్మితమయ్యెను. ఒక బడిపిల్లవాని కథ, ఒక యువకుని కథ, మద్యపు దుకాణమునఁ బనిచేయు నొకని కథ, నలువది తొమ్మిదేండ్లు వచ్చియుఁ బెండ్లి లేని అటెండరు కథ, యీ నాలుగును వేర్వేఱని తోఁచి, తుద కొక్కని జీవితమే యని తేలును. మీమాంసకులు చెప్పు నేకవాక్యత కథాసంవిధానమున నిట్లు సిద్ధించినది. ఉత్తరాంధ్రపుఁ బలుకుబడి యిందు శృంగారమును, శోకమును సమముగా మోసెను. దోషమును గలదు: నాలుగు కథల నడుమ నుండవలసిన కాలభేదము వేషభూషలయందు బలముగాఁ గానరాదు. రహస్యరక్షణమున కది యక్కఱయే యని సమర్థించినను, తెలిసిన పిదప నౌచిత్యము కొంత కుంటుపడును.

2019లో రాజ్ ఆర్. తీసిన ‘మల్లేశం’ ఆసుయంత్రమును గనిపెట్టిన చింతకింది మల్లేశము చరిత్రము. చీర నేయుటకు మున్ను నూలును మేకుల చుట్టు వేలకొలఁది పర్యాయములు చేతితోఁ ద్రిప్పుట ‘ఆసు పోయుట’. తల్లి భుజము నొప్పి చూచి కుమారుఁడు యంత్రముకై పాటుపడెను. నిఘంటువున నొక్క పంక్తిగా నిలుచు పద మిచట నొక తల్లి బాధగా నర్థమిచ్చుచున్నది.

2023లో వేణు యెల్దండి తీసిన ‘బలగం’ ప్రసిద్ధనిర్మాత కుటుంబసంస్థ వలన వచ్చినది గావున స్వతంత్రచిత్ర మనుట చెల్లదు. మార్గము మాత్ర మిదియే. కొమురయ్య యను వృద్ధుఁడు మరణించును. పిండమును గాకి ముట్టదు. ఏండ్ల క్రిందట విందులో ‘నల్లి బొక్క’ తనకు వడ్డింపలేదని యల్లుఁ డలిగి పోవుటచేతఁ జీలిన కుటుంబము, పదునొకండవ నాఁటికి, బుడగజంగముల పాటతోఁ గరఁగి యొక్కటగును. నల్లి బొక్క యన మూలుగ గల యెముక. ఆ పదమును దీసి ‘మజ్జాస్థి’ యని నిలిపిన హాస్యమును జచ్చును, దాని వెంబడి వచ్చు కరుణమును జచ్చును. పర్యాయపదమును సహింపని యీ గుణమును ఆలంకారికులు శబ్దపరివృత్త్యసహత్వ మందురు. మహాకవుల శబ్దములకుఁ జెప్పు లక్షణ మొక పల్లె మాటకుఁ బట్టినప్పు డా మాటను అపశబ్ద మనుట యెట్లు? ఇందలి గీతమునకై కాసర్ల శ్యామ్‌నకు 2023వ సంవత్సరపు జాతీయపురస్కారము లభించినది.

ఐనను మాండలిక మున్నంతమాత్రమున గుణము సిద్ధింపదు. పాత్రకు, సందర్భమునకు దగినచో గుణము; వింతకై యతికించినచో నదియు నొక క్రొత్త నాట్యధర్మి యగును. ఔచిత్యమే రసమునకుఁ బ్రాణమని క్షేమేంద్రుఁడు సిద్ధాంతీకరించిన దీ చిత్రములకును గొలబద్ద.

కుండ గావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోవును గాని, మాట గావలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోఁడని పతంజలి మహాభాష్యమునఁ జెప్పెను. మాటలు లోకమున నుండును. వానిని బరిశీలించి విభజించుట మన పని. కావున బడిలో వ్యాకరణమును మానుట గాని, యింటిపలుకును బరిహసించుట గాని వలదు. గ్రంథభాష సభకు దగిన వస్త్రము; దానిఁ గట్ట నేర్పుదము. పిల్లవాఁడు ‘ఆసు’ యన్నను, ‘నల్లి బొక్క’ యన్నను దిద్దుటకు మున్ను దాని యర్థ మడిగి వ్రాసికొందము. ఆ పలుకుతోనే దుఃఖమును, దయను జెప్పవచ్చునని తెఱ చూపినది. తరగతిలోఁ జూపవలసిన భారము మనది.